వెనీసు నగరమున ఇల్లాండ్ర జాడలు

వెనీసు నగరమును గూర్చి విననివారు మన చదువరులలో నెవ్వరును ఉండరు. వీధులకు మారుగా కాలువలు, బండ్లకు మారుగా పడవలు, నీటిలోనుండి లేచి నిలిచిన మేడలు. ఈ దృశ్యములను మనము గోడకు వ్రేలాడు క్యాలెండర్లయందును, చలనచిత్రములయందును ఎన్నియో మార్లు చూచియున్నాము. కాని మువ్వురు నెచ్చెలులతో గూడి మొన్న వైశాఖమాసమున మొదటిసారి ఆ పట్టణమున అడుగుపెట్టినప్పుడు మాకు తోచిన ప్రశ్న ఆ చిత్రములలో నెచ్చటను లేదు. కాలువలోనిది ఉప్పునీరు, చుట్టునున్నది ఉప్పునీరు, ఇంటి గడప నంటుకొని ఊగులాడునది ఉప్పునీరు. ఈ యూరి యాడువారు వెయ్యేండ్లపాటు పొయ్యిమీద ఎసరు ఏ నీటితో పెట్టిరి? బిందె మోసిన భుజమునకే యిట్టి ప్రశ్న ముందు పుట్టును గాబోలు.

మా ప్రయాణపు కథ నాలుగు మాటలలో ముగించెదము. మేము నలుగురము ఆఱేండ్లు ఒకే చీటీలో సొమ్ము వేసికొంటిమి. మాలో నొకరు గణితోపాధ్యాయిని, ఒకరు వీణ నేర్పువారు, ఒకరు కుట్టుమిషనుమీద ఇద్దరు పిల్లలను పెద్ద చదువులు చదివించిన ధీర. నాలుగవవారము మేము. మావారు బడిపంతులగుటచే వేసవి సెలవులు కలిసివచ్చినవి. పిల్లలను, కొత్తావకాయ జాడీలను వారి కప్పగించి బయలుదేరితిమి. వీసా కాగితములకై తిరిగిన తిరుగుడు చెప్పిన ఈ పుటలన్నియు చాలవు, గావున మానుచున్నాము. కన్యాస్త్రీలు నడుపు నొక అతిథిగృహమున రెండు గదులు దొరకినవి. శుభ్రము మెండు, అద్దె కొంచెము తక్కువ; రాత్రి తలుపు వేయు వేళకు లోపల నుండవలెనను నియమ మొక్కటి గలదు. అదియు మాకు పుట్టింటి యలవాటే.

పట్టణము నూటపదునెనిమిది చిన్న దీవుల కూడలి. నాలుగువందలకు పైగా వంతెనలు ఆ దీవులను కలుపును. నేల బురదనేల, అందులో వేలకొలది కఱ్ఱ మొలలను దగ్గఱ దగ్గఱగా దిగగొట్టి, వానిమీద పలకలు, పలకలమీద రాయి వేసి మేడలు లేపిరి. బురదలో గాలి సోకనందున ఆ కఱ్ఱ శతాబ్దములుగా నిలిచియున్నది. ఊరిలో మోటారుబండి లేదు. రోగిని తీసికొనిపోవునది పడవ, చెత్త నెత్తుకొనిపోవునది పడవ, పెండ్లికూతురు పోవునది పడవ. మిగిలినదంతయు కాలినడకయే. ప్రతి వంతెనకు మెట్లున్నవి. మోకాళ్ళ నొప్పి గల సోదరీమణులు ఈ సంగతి ముందే తెలిసికొనుట మంచిది. ఆ యూరి పెద్ద పడవబండిని 'వాపొరేట్టో' యందురు. మేము వెళ్ళినప్పుడు ఒక్కసారి యెక్కుటకు 9.50 యూరోలు, మూడు దినములకు చెల్లు చీటి 45 యూరోలు. ఈ రెంటిలో ఏది లాభమో మా గణితోపాధ్యాయిని రేవుమీదనే తేల్చివేసినది.

ఇక నీటి మాట. ఆ పట్టణమున అడుగడుగునకు రాతిపలకలు పఱచిన బయళ్ళు గలవు. వానిని 'కాంపో' లందురు. ఆ మాటకు పొలమని యర్థము. ఇంచుమించు ప్రతి కాంపో నడుమను చెక్కడపు పనిగల రాతి యొర యొకటి, పైన ఇనుపమూత. యాత్రికులు దానిపై చేతిసంచి పెట్టి ఫొటో తీయించుకొని పోవుచుందురు. చూచుటకది బావియే, కాని ఊటబావి కాదు, వానబావి. తవ్వినచోట నెల్ల ఉప్పునీరు పడు నేలలో ఊట యెక్కడిది? అందుచేత వారు అయిదాఱు మీటర్ల లోతున గొయ్యి తవ్వి, ఉప్పునీరు లోనికి దిగకుండ అడుగునకును ప్రక్కలకును బంకమన్ను దట్టముగా మెత్తి, నడుమ ఇటుకతో ఒర కట్టి, ఒర చుట్టు చోటంతయు ఇసుకతో నింపెడివారు. కాంపోలోని పలకలు కొంచెము వాలుగా నుండును. ఆ వాలున చిల్లులు గల రాళ్ళు కనబడును. బయలుపై కురిసిన వాన ఆ చిల్లులలో దిగి, ఇసుకలో వడగట్టబడి, అడుగున ఒరలోనికి చేరును. ఇసుకకుండయు బొగ్గుకుండయు ఒకదానిపై నొకటి నిలిపి నీరు వడగట్టెడివారమని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. ఇది ఊరంతటికిని పెట్టిన యిసుకకుండ!

మా గణితోపాధ్యాయిని ఊరకుండునా? ఒక బయలు నిడివిని అడుగులతో కొలిచి అక్కడనే లెక్క వేసినది. 30 మీటర్ల చదరపు బయలుమీద ఒక అంగుళము వాన కురిసిన, 15 లీటర్లు పట్టు బిందెలు ఇంచుమించు 1,500 నిండునట. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఇట్టి బావులు ఇంటింటివియు వీధులవియు గలిసి ఆఱువేలకు పైబడి యుండెను. సామాన్యుల బావులకు తాళముండెడిది. తాళపుచెవి పేట పెద్దయొద్ద నుండెడిది. గంట మ్రోగినప్పుడు మూత తీసెడివారు. వాన కురియని దినములలో బ్రెంటా నదినుండి పడవలమీద మంచినీరు తెచ్చి బావులలో పోయుట యొక సంఘమువారికి వృత్తి. 1884లో ప్రధాన భూమినుండి గొట్టములద్వారా నీరు వచ్చువఱకు ఇదియే ఏర్పాటు. నేడు వీధికొళాయిలు ఊరంతట నిరంతరము పాఱుచున్నవి. ఆ నీరు త్రాగదగినది. సీసా నీరు కొనుటకు డబ్బు తగులబెట్టనక్కఱలేదు.

బావినుండి నీటిని ఇండ్లకు చేర్చినవారెవ్వరు? ఆ నగరప్రభువులను 'డోజు' లందురు. వారి ప్రాసాదపు లోముంగిట పదునాఱవ శతాబ్దమున కంచుతో పోతపోసిన బావి యొరలు రెండు గలవు. ఆ కంచుపని చూచి అబ్బురపడితిమి గాని, అంతకంటె మమ్ము నిలిపినది యా బావులచుట్టు మూగినవారి చరిత్రము. ఉత్తరమున ఫ్రియూలి కొండలనుండి ఆడువారు పనికై ఈ పట్టణమునకు దిగివచ్చి, భుజముమీద వంచిన కఱ్ఱబద్ద నుంచుకొని, దాని రెండు కొనలకు రెండు రాగిపాత్రలు తగిలించుకొని, ఈ బావులనుండి నీరు తోడి ఇంటింటికి అమ్మెడివారు. బద్దపేరు 'బిగొలో', వారి పేరు 'బిగొలాంతి'. అది మన కావడిబద్ద గాక మఱేమి? పందొమ్మిదవ శతాబ్దపు చిత్రములయందును, తొలినాటి ఛాయాచిత్రములయందును వీరి యాకారములు మిగిలియున్నవి. వంతెన మెట్లెక్కుచు దిగుచు, నీరు తొణకకుండ, మూడవ అంతస్తువఱకు. గొట్టపునీరు వచ్చిన పిమ్మట వీరికి పని లేకపోయినది. కొళాయి వచ్చుట కెవ్వరు సంతసింపరు? అయినను ఆ కావడివారు ఆ యేడు ఏమి తినిరో యను చింత మమ్ము చాలసేపు విడువలేదు.

ఆ ప్రాసాదపు లోపలి వైభవము పుస్తకములలో కావలసినంత వర్ణింపబడియున్నది. మహాసభా మందిరమున డోజుల పటములు వరుసగా నుండును. రాజద్రోహ మారోపింపబడి 1355లో శిరశ్ఛేదము పొందిన యొకని పటమునకు బదులు నల్లని ముసుగు చిత్రింపబడియున్నది. దీని ప్రక్కనే గల సాన్ మార్కో దేవాలయమున లోకప్పంతయు బంగారుపూత గాజుముక్కల చిత్రములు. దానిమీద నిలిచిన కంచు గుఱ్ఱములు నాలుగింటిని 1204లో కాన్‌స్టాంటినోపులునుండి కొల్లగొట్టి తెచ్చిరి. 1797లో నెపోలియను వానిని పారిసునకు తరలించెను. 1815లో తిరిగి వచ్చినవి. అసలు గుఱ్ఱములు లోపల, నకళ్ళు బయట. దొంగసొత్తును దొంగిలించినవానిని దొంగయనవచ్చునా యని మాలో వాదము పుట్టి, ఎండ యెక్కువై ఆగిపోయినది.

రియాల్టో వంతెనకు చేరువనే యొక చీకటి సందులోనుండి పోయిన చిన్న ముంగిలి యొకటి తగులును. దాని పేరు 'కోర్తె సెకోందా దెల్ మిలియోన్'. దేశసంచారి మార్కో పోలో కుటుంబము ఇచ్చట కాపుర ముండినది. పోలో మన తీరమునకును వచ్చెనని మన పాఠకురాండ్రు చదివియుందురు. ఆయన 'ముత్‌ఫిలి' యని వ్రాసినది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లియే. ఆ రాజ్యమును నలువదేండ్లు న్యాయముతప్పక, శాంతి గోరి యొక రాణి యేలినదనియు, అచ్చటి సన్నబట్టలు సాలెగూటివలె నుండుననియు, వానిని ధరింప నిచ్చగింపని రాజుగాని రాణిగాని యుండరనియు ఆయన 1298లో జెనోవా చెఱసాలలో నుండి చెప్పి వ్రాయించిన గ్రంథమున గలదు. రాణి పేరు ఆయన చెప్పలేదు. రుద్రమదేవి యని చరిత్రకారులు గుర్తించిరి. ఆయన యామెను గతించిన రాజు భార్య యనుకొనెను. ఆమె గణపతిదేవుని కూతురని మన శాసనములు చెప్పుచున్నవి. పొరపాటున్నను, ఏడువందల యేండ్ల క్రిందట ఈ సందులో నడిచినవాడు మన రాణి న్యాయమును మెచ్చుకొనెనను తలపు కలిగినప్పుడు మా గుండె నిండినది.

ఆ పోలో 1324లో మరణశయ్యపైనుండి వ్రాయించిన వీలునామా నేటికిని ఆ నగరపు గ్రంథాలయమున నున్నది. భార్య దొనాతాకును మువ్వురు కూతుండ్రకును ఆయన ఆస్తి సంక్రమించినది. పెద్ద కూతురు ఫాంతీనా కథ మన స్త్రీధన వివాదములను జ్ఞప్తికి తెచ్చును. తండ్రివలన తనకు వచ్చిన సొత్తును భర్త తన చేతిలో నుంచుకొనెననియు, అతడు గతించిన పిదప అది తన కీయవలసినదేననియు ఆమె న్యాయస్థానమున కెక్కి, 1366లో గెలిచినది. పోలో సంచారములను గూర్చి గంటకొలది చెప్పు మార్గదర్శకులు ఈ కూతురి మాట యెత్తరు. ఆమె చీనాకు పోలేదు గదా!

అచ్చటినుండి పెద్ద కాలువ యొడ్డున కొంచెము దూరము పోయిన 'కా లొరెదాన్' అను పాత భవనము, నేడు పురపాలక కార్యాలయము. దాని గోడపై నున్న ఫలకము జూచుట కొఱకే మేము పోయితిమి. 1646లో ఎలెనా కొర్నారో పిస్కోపియా అను బాలిక యచ్చట జన్మించినది. బడి లేదు, గురువులు ఇంటికే వచ్చి లాటిను, గ్రీకు, తర్కము, గణితము చెప్పిరి. దైవశాస్త్రమున ఆచార్యపట్టము నొసగుడని పాదువా విద్యాపీఠము నడిగినప్పుడు, స్త్రీ దైవశాస్త్రము బోధించుటయా యని బిషప్పు బార్బరీగో అడ్డుపడెను. తుదకు తత్త్వశాస్త్రమున నియ్య నొప్పుకొనిరి. 1678 జూను 25వ తేదీని, విద్యాపీఠపు మందిరము చాలనంత జనము వచ్చుటచే, పరీక్ష ప్రధాన దేవాలయమున జరిగినది. లాటినులో అరిస్టాటిలును వ్యాఖ్యానించి, శిరమున ఆకుల కిరీటమును, వ్రేలికి ఉంగరమును పొందినది. విద్యాపీఠమునుండి తత్త్వశాస్త్ర డాక్టరు పట్టము నందిన మొదటి స్త్రీగా ఆమెను చెప్పుదురు. అప్పటి కామె వయస్సు ముప్పదిరెండు. ఆ పిమ్మట పాదువావారు మఱి యే స్త్రీకిని ఆ తలుపు తెఱవక చిరకాలము మూసియుంచిరి. తరువాత 1732లో బొలోన్యాలో లారా బాస్సికి గాని ఇటలీలో నిట్టి పట్టము దక్కలేదు.

తాతగారి యరుగుమీద కూర్చుండి అమరమును, భారతమును వల్లెవేసిన మాకు, ఏ బడియు ఏ పట్టమును లేని మాకు, ఆ ఫలకమునెదుట ఏమి తోచెనో వ్రాయుట కష్టము. కంట నీరు తిరిగినదని మాత్రము చెప్పెదము. కుట్టుపని నెచ్చెలి మా మొగము చూచి, "మంచిదే గాని, వదినా, ఆమెది పెద్దింటి పిల్ల. గురువుల కిచ్చుటకు తండ్రికి సొమ్మున్నది. నీళ్ళ కావడి మోసినదాని కూతురికి అక్షరము చెప్పినవా రెవ్వరు?" అన్నది. వీణ నేర్పు చెలి వెంటనే, "ఆ ప్రశ్నకు జవాబు రేపు చూపించెదను" అని యూరకుండినది.

మఱునాడామె మమ్ము సముద్రపుటొడ్డున నున్న 'పియెతా' కడకు గొనిపోయినది. ఇది దిక్కులేని శిశువులను పెంచిన సత్రము. గోడలోని గూటిలో శిశువు నుంచి తల్లి వెళ్ళిపోవునది. పెంచుకొనుటకు శక్తి గలిగియు పిల్లలనిట విడిచిపోవువారిని శపించుచు 1548లో వెలువడిన పోపు శాసనము దేవాలయపు ప్రక్కసందు గోడమీద రాతిలో నేటికిని చదువవచ్చును. శాపము సరే. కొందఱు తల్లులు పతకమునో, చీటినో రెండు ముక్కలు చేసి, ఒకటి బిడ్డ బట్టలో కట్టి, రెండవది తమయొద్ద దాచుకొనెడివారు. ఎప్పుడైన మంచిదినములు వచ్చిన, రెండును కలిపి చూపి బిడ్డను తెచ్చుకొనవచ్చునని. ఈ ముక్కలు కొన్ని యింకను అచ్చట భద్రపఱుపబడియున్నవి. వాని జత ముక్కలు ఏమైపోయినవో!

ఆ బాలికలలో ప్రతిభ గలవారికి సంగీతము నేర్పిరి. 1703లో వివాల్ది అను యువగురువు వయొలిను చెప్పుటకు కుదిరెను. ఆయన రచించిన కీర్తి గల కూర్పు లెన్నియో ఈ తల్లిలేని పిల్లలు వాయించుటకే. వారు కమ్మీల వెనుక నిలిచి వాయింపగా, దేశదేశముల ప్రభువులు ముఖము కనబడని ఆ గానమును వినుటకు వచ్చెడివారు. గానము విని మురిసిపోయినవారు ఆ పిల్లల కొక పేరుండెనా యని యడిగిరో లేదో. తల్లిదండ్రుల పేరు లేనందున వారిని వారి వాద్యముతోనే పిలిచిరి: ఆన్నా మరియా 'దాల్ వియొలిన్'. వయొలినే ఆమె కింటిపేరు. వివాల్ది ఆమెకై ప్రత్యేకముగా కూర్పులు చేసెను. ఆమె 1782లో, వృద్ధురాలై, ఆ సత్రముననే కన్నుమూసినది. నేడు కనబడు దేవాలయములో వివాల్ది వాయించెనని కొందఱు చెప్పుదురు గాని, అది కట్టినది 1741లో ఆయన గతించిన తరువాత. వీణ చెలి ఈ సంగతులు చెప్పి, "అక్షరము కాకున్నను స్వరమైన దొరకినది గదా" అని కుట్టుచెలి వైపు చూచినది. ఆమె యొప్పుకొనినట్లు తల యూపినది గాని, "కమ్మీల వెనుక" అని మెల్లగా ననకమానలేదు.

తిండి సంగతి చెప్పకున్న మా యింటివారే నమ్మరు. శాకాహారులకు ఇబ్బంది లేదు, కాని అడిగి తినవలెను. 'పొలెంతా' యనునది మన మొక్కజొన్న సంకటియే. పుట్టగొడుగుల కూరతో నిత్తురు. పచ్చిబఠాణీలతో వండిన జావవంటి అన్నము 'రీసి ఎ బీసి' యనునది రుచియే గాని, మాంసపురసము పోయుదురేమో విచారింపవలెను. రియాల్టో సంతలో ఊదారంగు ఆర్టిచోకులు చూచితిమి. ప్రక్క దీవియగు సాంత్ ఎరాస్మోలో పండినవి. గొండోలా పడవ నెక్కుటకు అరగంటకు 90 యూరోలు. నలుగురము పంచుకొన్నను మనసొప్పలేదు. సంత యెదుటి రేవున పెద్ద కాలువను దాటించు గొండోలా గలదు, మనిషికి 2 యూరోలు. అది యెక్కితిమి. అయిదు నిమిషములైనను కాలేదు. గొండోలా యెక్కినట్లే లెక్క. 2010లో జోర్జా బోస్కొలో అను నామె పరీక్షలో నెగ్గి ఈ వృత్తిలో ప్రవేశించిన మొదటి స్త్రీ యైనది.

మా నలుగురిలో కుట్టుచెలి ఈ ప్రయాణమునకు ఒప్పుకొన్నది బురానో దీవి కొఱకే. ముప్పాతిక గంట పడవలో పోవలెను. ఇండ్లు పసుపు, ఎఱుపు, నీలము రంగులతో అట్లతద్ది నాటి పందిరివలె నుండును. ఇచ్చటి లేసు పదునాఱవ శతాబ్దమునుండి ఐరోపా రాజుల మెడలపై నిలిచినది. దానిని 'గాలిలో కుట్టు' అందురు. ఏలయనగా దానికి క్రింద గుడ్డ యుండదు. కాగితముమీద ముగ్గు గీచి, దానిని గుడ్డకు చేర్చి కుట్టి, గీతల వెంబడి దారము పఱచి, ఆ దారమునే యాధారముగా చేసికొని సూదితో లోపలి యల్లిక నింపుదురు. చివర కాగితమునకును గుడ్డకును నడుమనున్న కుట్లు త్రెంచిన, అల్లిక యొక్కటే చేతికి వచ్చును. ఒక్కొక్కతె యొక్కొక్క కుట్టు నెఱుగును. కావున ఒక చిన్న రుమాలు పలువురి చేతులు మాఱవలెను. 1665లో ఫ్రాన్సు మంత్రి కొల్బేరు తన దేశమున లేసు పరిశ్రమ నెలకొల్పి, వెనీసు పనికత్తెలను ఆశచూపి రప్పించుకొనెను. క్రమముగా ఇచ్చట పని క్షీణించినది.

1872 నాటి చలికాలమున జాలరుల కుటుంబములు ఆకలికి మాడుచుండగా, ఊరిపెద్దలు ఈ విద్యను తిరిగి నిలుపదలచి వెదకిరి. పాత కుట్టు తెలిసినది ఒక్క ముసలమ్మ మిగిలినది. జనులామెను 'చెంచా స్కార్పరియోలా' యని పిలిచెడివారు. చేయుట తెలియును గాని చెప్పుట తెలియదు. అందుచేత ఊరి బడిపంతులమ్మ యామె ప్రక్కన కూర్చుండి, వ్రేళ్ళను చూచి నేర్చుకొని, పిల్లలకు చెప్పినది. అట్లు పుట్టిన పాఠశాల దాదాపు నూఱేండ్లు నడిచి 1970లో మూతపడినది. ఆ యింట నిప్పుడు ప్రదర్శనశాల గలదు. అందు కొందఱు వృద్ధ స్త్రీలు కిటికీ వెలుతురున కూర్చుండి నేటికిని కుట్టుచుందురు.

మా చెలి వారిలో నొకరి ప్రక్కన పోయి నిలిచినది. ఆమె మాట ఈమెకు రాదు, ఈమె మాట ఆమెకు రాదు. ఈమె కుడిచేతి చూపుడువ్రేలి చివర సూదిపోటుల గరుకును చూపినది. ఆమె తన వ్రేలు చూపినది. ఇద్దఱును నవ్విరి. పిమ్మట ఆమె సూది ఈమె కిచ్చి, ఒక కుట్టు నాలుగుసార్లు చూపినది. అయిదవసారి మా చెలి చేసినది. ఆ ముసలామె కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకొని, చేతితో తన కన్నులను చూపి, నెత్తి నడ్డముగా నూపినది. మా చెలికి ఆ సైగకు దుబాసి యక్కఱలేకపోయినది. ఆమెకును నిరుటినుండి సూదిలో దారము ఎక్కించుట కష్టమగుచున్నది.

బయటి యంగళ్ళలో పది యూరోలకు బల్లగుడ్డలు వ్రేలాడుచుండెను. మా చెలి ఒకదానిని వెనుకకు త్రిప్పి చూచి, "యంత్రముది. ముడి యెక్కడను లేదు" అని వదలివేసినది. అసలైన చేతిలేసు ఒక యంగడిలో అద్దపు పెట్టెలో నున్నది. అరచేతియంత ముక్క, మూడు వందల యూరోలు. వీణ చెలి యంత సొమ్మా యని నోరు నొక్కుకొనినది. కుట్టుచెలి మాత్రము దానినే చూచుచు, "ఇది నెలదినముల పని. వీరి కూలి రేటు చూచిన, ఈ ధర తక్కువ" అన్నది. కొనలేదు. కాని ఇంటికి వచ్చిన పిదప తన రవికె కుట్టుకూలి యాబది రూపాయలు పెంచినది. వాడుకవారిలో నిద్దఱు అలిగిరట.

తుది దినమున రియాల్టో చెంత ఒక మందులదుకాణపు కిటికీలో ఎఱ్ఱని అంకెలు వెలుగుచుండగా చూచితిమి. అది గడియారము కాదు. ఆ పాత పట్టణమున మిగిలిన నివాసుల లెక్క. 2008 నుండి అచ్చట నున్నది. 1951లో ఇచ్చట ఇంచుమించు 1,75,000 మంది కాపురముండిరి. 2022లో ఆ సంఖ్య 50,000 క్రిందికి దిగినది. మఱుసటి యేడు యాత్రికులకై యున్న పడకలు నివాసులకంటె మించినవని లెక్క చూచినవారు చెప్పిరి. ఇల్లు యాత్రికునకిచ్చిన వచ్చు సొమ్ము కాపురస్థునకిచ్చిన రాదు. కిరాణాకొట్టు పోయి ముసుగుబొమ్మల యంగడి వచ్చును. పిల్లలు గలవారు మెస్త్రేకు పోవుదురు. నీటిపోటును గొంత యాపగలిగిరి: 2019 నవంబరు 12వ తేదీని 187 సెంటీమీటర్ల యెత్తున నీరు పట్టణమును ముంచగా, మఱుసటి యేడు అక్టోబరునుండి సముద్రముఖములయందు ఇనుపతలుపులు లేచి అడ్డుకొనుచున్నవి. కాని మనుష్యుల పోటునకు తలుపేది? 2024 నుండి రద్దీ దినములలో ఒక్క పూటకై వచ్చిపోవువారియొద్ద 5 యూరోల రుసుము తీయ నారంభించిరి. అచ్చట రాత్రి నిద్రించువారికి లేదు గనుక మేము చెల్లింపలేదు.

"మనము రాకున్న వీరికి కూడేది? వచ్చిన వీరికి ఇల్లేది?" అని గణితోపాధ్యాయిని. ఆమె లెక్కలలో దీని కుత్తరము దొరకలేదు. మాకును దొరకలేదు.

ఆ సాయంకాలము కాస్తెల్లో పేటలో తిరిగితిమి. అచ్చట వీధుల పేర్లు గోడమీద తెల్లసున్నపు చదరములపై వ్రాసియుందురు. వానిని 'నిత్సియొలేత్తి' యందురట, అనగా చిన్న దుప్పట్లు. పైన నిజమైన దుప్పట్లు సందుకడ్డముగా గిలకత్రాళ్ళపై ఆఱుచుండెను. కుట్టుచెలి వానిని చూచుచు నడిచి యొక సంగతి కనిపెట్టినది. ఒక మేడకు అన్నియు తెల్లని, ఒకే కొలత గల దుప్పట్లు; అది యాత్రికుల బస. దాని ప్రక్కమేడకు పువ్వుల దుప్పటి, బడిపిల్లవాని చొక్కా, చిన్న మేజోళ్ళు, చిరిగి అతుకువేసిన వంటింటి గుడ్డ, అది ఇల్లు. ఆ మీదట మేము వీధి చివరవఱకు మేడలను ఆ లెక్కనే ఎంచుచు పోయితిమి. ఇండ్లు పదునొకండు, బసలు తొమ్మిది. చివరి మేడ మూడవ అంతస్తున నొక పెద్దామె త్రాడు లాగుకొని బట్టలు తీయుచుండగా క్లిప్పొకటి జాఱి మాయెదుట పడినది. వీణ చెలి దానిని తీసి పైకి చూపగా, ఆమె క్రిందనున్న కిటికీ గట్టుమీద నుంచుమని సైగచేసినది. ఉంచితిమి. రేవునకు పోవలసిన వేళ యైనది.